అగరుబత్తి పొగ ఎటు వంగుతోంది?

పోయిన నెల చలికాలపు ఇంటి ఖర్చుల గురించి ప్రశ్నలు రాయమని అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అమెరికాలో మేముండే మినెసోటా నుంచే. నేను పుట్టి పెరిగింది పాల్వంచలో. నాన్న అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రం కేటీపీఎస్‌లో బాయిలర్ సెక్షన్‌లో పనిచేసేవారు. పైపుల మీద లాగింగ్, అంటే వేడి పోకుండా చుట్టే పొర, ఊడిపోతే, ఆ జానెడు మేరలో వేడి ఎంత వృథా అవుతుందో ఇంటికొచ్చి చెప్పేవారు. పెళ్లయి ఇక్కడికొచ్చాక నేను కూడా చివరికి అదే పనిలో పడ్డాను. పదమూడేళ్లుగా ఇళ్లకు వెళ్లి, వేడి ఎటు నుంచి పోతోందో కనిపెట్టి చెప్పడమే నా ఉద్యోగం. కింద రాసిన డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్. లెక్క సులువు కోసం థెర్ము (బిల్లులో గ్యాస్ వాడకానికి కొలత) గ్యాస్ ఒక డాలరు, యూనిట్ కరెంటు 15 సెంట్లు అనుకుంటున్నాను. మీ బిల్లు మీద ఉన్న రేటు వేసి చూసుకోండి.

ప్రశ్న: మేము వేసవిలో ప్లిమత్‌లో ఇల్లు కొన్నాం. 1984లో కట్టింది, 2,200 చదరపు అడుగులు. జనవరి గ్యాస్ బిల్లు 268 డాలర్లు వచ్చింది. కిటికీలన్నీ మారిస్తే బిల్లు సగమవుతుందని ఒకాయన వచ్చి 26 వేల డాలర్లకి ఎస్టిమేట్ ఇచ్చి వెళ్లాడు. బిల్లు వచ్చే తారీఖు దగ్గరపడితే చాలు, టెన్షన్. మార్పించమంటారా?

సంతకం పెట్టకండమ్మా. మీ కిటికీలు రెండు అద్దాలవే అయ్యుంటాయి. వాటిని తీసి కొత్త రెండు అద్దాల కిటికీలు పెట్టినంత మాత్రాన బిల్లు సగానికి పడిపోదు. చెక్క కుళ్లిపోయినా, తలుపు మూతపడకపోయినా అప్పుడు మార్చుకోండి. గ్యాస్ బిల్లు కోసమైతే ముందు పెట్టాల్సిన ఖర్చు అది కాదు.

బిల్లు తీసి డాలర్లు పక్కన పెట్టి, థెర్ములు ఎన్ని కాలాయో చూడండి. గ్యాస్ రేటు ఏటేటా మారుతుంది, అది మన చేతిలో లేదు. ఇల్లు ఎంత కాల్చిందన్నది థెర్ములే చెబుతాయి. మా ఇల్లు 1978లో కట్టింది, మీ ఇంటికంటే కొంచెం చిన్నది. కొన్న మొదటి జనవరిలో 168 థెర్ములు కాలింది. ఫర్నేస్ (గ్యాస్ కాల్చి ఇంటికి వేడిగాలి పంపే యంత్రం) మార్చలేదు, కిటికీలు మార్చలేదు. కంతలు మూసి, అటక మీద ఇన్సులేషన్ (వేడి పోనివ్వని పొర) పోయించాం, అంతే. ఇప్పుడు దాదాపు అంతే చలి ఉన్న నెలలో 120 దగ్గర ఆగుతోంది.

వేడిగాలి పైకి పోతుంది కదా. పైన సీలింగులో సందు దొరికితే అటకలోకి, అక్కడి నుంచి బయటికి వెళ్లిపోతుంది. పోయినంత గాలీ కింద బేస్‌మెంట్ సందుల్లోంచి గడ్డకట్టే చల్లదనంతో లోపలికి వస్తుంది. అంటే ఇల్లు మొత్తం ఒక పొగగొట్టంలా పనిచేస్తుంది. బయట ఎంత చలి ఉంటే అంత గట్టిగా లాగుతుంది. మీరు సోఫాలో కూర్చుంటే కాళ్ల దగ్గర తగిలే చలి కిటికీదే అనుకుంటారు. చాలాసార్లు దాన్ని లాగుతున్నది పైన, మీకు కనపడని చోట ఉన్న కంత.

దీన్ని కళ్లతో చూడాలంటే మన పూజగదిలోనే సాధనం ఉంది. బాగా గాలి వీచే రోజున ఫర్నేస్ ఆపండి. గ్యాస్ వాటర్ హీటర్ అయితే దాన్ని పైలట్ (చిన్న మంట) మీద పెట్టండి. బాత్‌రూమ్ ఫ్యాన్లన్నీ పది నిమిషాలు వేసి, అగరుబత్తి వెలిగించుకుని బయటి గోడల వెంట మెల్లగా నడవండి. కర్టెన్లకి మాత్రం దూరంగా పట్టుకోండి. పొగ తిన్నగా లేస్తుంటే ఆ చోటు బాగున్నట్టు. కరెంటు సాకెట్ దగ్గరికో, గోడ అడుగు పట్టీ దగ్గరికో వచ్చేసరికి పొగ ఒక్కసారిగా పక్కకి పడుకుంటుంది. అక్కడ ఒక టేపు ముక్క అంటించి ముందుకు వెళ్లండి. ఈ మధ్య ఈగన్‌లో ఒక ఇంట్లో, ఆ ఇంటి పెద్దావిడే అగరుబత్తి పట్టుకుని తిరిగారు. పూర్తయ్యేసరికి గోడల మీద ముప్పై ఒక్క టేపు ముక్కలు. తరవాత ఫ్యాన్లు ఆపి, ఫర్నేస్ వేసి, వాటర్ హీటర్ మళ్లీ ముందున్న చోటికి తిప్పడం మరచిపోకండి.

అసలు పెద్ద కంతలు అటకలోనే ఉంటాయి. పగటిపూట టార్చి పట్టుకుని అటక మూత ఎత్తి చూడండి, కాలు మాత్రం దూలాల మీదే వేయాలి. గులాబీ రంగు ఇన్సులేషన్ మధ్యలో నల్లగా మసిపట్టినట్టు మచ్చలు కనిపిస్తే, అది మసి కాదు. ఏళ్ల తరబడి మీ ఇంటి గాలి అందులోంచి పోతూ వదిలిన దుమ్ము. ఆ పొరని ఎత్తితే అడుగున వైరు కోసమో పైపు కోసమో చేసిన రంధ్రం ఉంటుంది. జనవరిలో అయితే పైకప్పు మేకుల కొనలకి మంచు పూసలు వేలాడుతుంటాయి. అది మీ ఇంట్లో కాచిన చారు ఆవిరి, స్నానాల ఆవిరి. ఎండ కాసిన రోజు కరిగి చుక్కలు చుక్కలుగా పడితే, పైకప్పు కారుతోందని కంగారుపడి రూఫింగ్ వాళ్లని పిలిచే ఇళ్లు ఎన్నో చూశాను.

అందుకని వరస ఇది: ముందు ఆ రంధ్రాలు మూయించాలి, తరవాతే పైన ఇన్సులేషన్ పోయించాలి. కంతలు వదిలేసి పైన ఎంత పోసినా, అల్లిన స్వెట్టర్ వేసుకుని ఎదురుగాలిలో నిలబడ్డట్టే. ఇన్సులేషన్ వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె ‘ఆర్’. ఇక్కడ అటకకి ఆర్-49 ఉండాలంటారు. సెల్యులోజ్ (కాగితం పీచు) అయితే దాదాపు 14 అంగుళాల మందం. ఒక స్కేలు గుచ్చి చూడండి, మీ ఇంట్లో ఆరో ఏడో అంగుళాలు ఉంటే ఆశ్చర్యపోను. బేస్‌మెంట్‌లో గోడ మీద దూలాలు ఆనే చోటుని రిమ్ జాయిస్ట్ అంటారు. అక్కడ ఫోమ్ బోర్డు ముక్కలు కోసి పెట్టి, అంచులకి డబ్బా ఫోమ్ కొట్టడం మీ దంపతులిద్దరూ రెండు శనివారాల్లో చేసుకోగల పని. అటకలో ఫర్నేస్ పొగగొట్టం చుట్టూ ఉన్న సందు మాత్రం మీరు ముట్టుకోవద్దు. అక్కడ ఫోమ్ పనికిరాదు, రేకు పెట్టి వేడికి తట్టుకునే సీలెంట్ వేయాలి. అటకలో బూడిద రంగులో మెరిసే గులకల్లాంటివి కనిపిస్తే అది వెర్మిక్యులైట్ కావచ్చు. అందులో ఆస్బెస్టాస్ ఉండే ప్రమాదం ఉంది. కదపకుండా మూత వేసి, పరీక్ష చేయించండి.

ఈ పనులన్నిటికంటే ముందుగా బ్లోయర్ డోర్ పరీక్ష చేయించుకోండి. వీధి తలుపులో పెద్ద ఫ్యాన్ బిగించి, ఇంట్లో గాలి ఒత్తిడి 50 పాస్కల్స్ తగ్గించి ఎంత లీకవుతోందో కొలుస్తారు. పని అయ్యాక మళ్లీ కొలిపించండి. రెండు అంకెలు చూపించకపోతే చివరి చెక్కు ఇవ్వకండి. ఇల్లు బిగించాక వాటర్ హీటర్ పొగ వెనక్కి కొట్టడం లేదని కూడా చూపించమనండి. నిద్రపోయే ప్రతి గదికీ పది అడుగుల లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలన్నది ఇక్కడి చట్టం. ఆ వాయువుకి వాసన ఉండదు. బ్యాటరీ ఈ రోజే చూడండి.

ఇన్సులేషన్‌కి ఫెడరల్ టాక్స్ క్రెడిట్ వస్తుందని ఇంకా చెప్పే కాంట్రాక్టర్లున్నారు. ఆ 30 శాతం క్రెడిట్ 2025 డిసెంబరు 31 లోపు పూర్తయిన పనులకే. గ్యాస్ కంపెనీ రిబేట్లు వేరు, వాటి సంగతి కంపెనీనే అడగండి.

ప్రశ్న: మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి ఆరు వారాలైంది. ఆవిడకి 74 ఏళ్లు. మావారు థర్మోస్టాట్ 65 దాటనివ్వరు. ఆవిడ నాతో తప్ప ఎవరితోనూ చలి అని చెప్పరు. రాత్రిళ్లు రెండు రగ్గులు కప్పుకుని కూడా వణుకుతున్నారు. ఖర్చు పెరగకుండా ఏం చేయాలి?

ముందు 65 ని 70 చేయండి. మీవారికి ఈ పేజీ చూపించండి. పెద్దవయసు వాళ్లున్న ఇంట్లో కనీసం 68 ఉండాలని ఇక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్ చెబుతోంది. ఆ వయసులో ఇంట్లో కూర్చునే ఒంటి వేడి పడిపోయే ప్రమాదం ఉంది. జీవితమంతా గుంటూరు ఎండల్లో గడిపిన మనిషి కొడుకు ఇంట్లో వణుకుతూ కూర్చోవడం నాకు చదవడానికే బాధగా ఉంది. ‘మీ అబ్బాయి గ్యాస్ ఖర్చు గురించి ఆలోచిస్తే మీరు చలి గురించి నోరెత్తకూడదని ఏమీ లేదు’ అని ఆవిడకి నా మాటగా చెప్పండి.

మీవారి లెక్కలో న్యాయం లేకపోలేదు. రోజుకి ఎనిమిది గంటలు 7 నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే ఏడాది ఖర్చులో 10 శాతం దాకా మిగులుతుందని ఇంధన శాఖ చెబుతుంది. కానీ ఆ లెక్క ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడూ అందరూ రగ్గుల కింద ఉన్నప్పుడూ పనికొచ్చేది. పగలంతా ఇంట్లో ఉండే మనిషి మీద అమలు చేసేది కాదు.

రాత్రికి మాత్రం మంచి దారుంది. ఇల్లంతా వేడి చేసే బదులు ఆవిడ పక్క వేడి చేయండి. ఎలక్ట్రిక్ దుప్పటి వంద వాట్ల లోపే తీసుకుంటుంది. ఎనిమిది గంటలకి 0.8 యూనిట్, అంటే 12 సెంట్లు. తనంతట తాను ఆగిపోయేది కొనండి. ఆవిడకి షుగరుండి పాదాలకి స్పర్శ తగ్గి ఉంటే మాత్రం దుప్పటి గానీ వేడినీళ్ల సంచి గానీ ఒంటికి ఆనించకండి, కాలినా తెలియదు. పడుకునే అరగంట ముందు పక్క వెచ్చబెట్టి, తీసేసి పడుకోబెట్టండి. మంచం బయటి గోడకి ఆనుకుని ఉంటే లోపలి గోడ వైపు జరపండి. ఆ గదిలో వేడిగాలి వచ్చే వెంట్ మీద పరుపో సూట్‌కేసో అడ్డం ఉందేమో చూడండి. ఇండియా సూట్‌కేసులు మన ఇళ్లలో సరిగ్గా అక్కడే ఉంటాయి.

ఆవిడ బకెట్, చెంబుతో స్నానం చేస్తానంటే సంతోషంగా చేయనివ్వండి. మామూలు షవర్ కింద పది నిమిషాలు నిలబడితే 90 లీటర్ల దాకా పోతాయి. ఆవిడ బకెట్ 20 లీటర్లు.

ప్రశ్న: ఎమ్మెస్ చదువుతున్నాం, మినియాపొలిస్‌లో ముగ్గురం ఒక అపార్ట్‌మెంట్. గోడ అడుగున కరెంటు హీటర్లు. బిల్లు మాదే. స్పేస్ హీటర్ కొంటే తగ్గుతుందా? రాత్రి వంట అయ్యాక అవెన్ తలుపు తెరిచి పెడుతున్నాం.

తమ్ముడూ, అవెన్ తలుపు ఈ రాత్రి నుంచే మూసేయండి. గ్యాస్ అవెన్ అయితే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణానికే ముప్పు. కరెంటుదైనా ప్రమాదమే, పైగా పైసా మిగలదు.

స్పేస్ హీటర్ 1,500 వాట్లు. గోడ హీటరైనా, బజార్లో కొన్నదైనా ఒక యూనిట్ కరెంటు ఇచ్చే వేడి ఒక్కటే, 3,412 బీటీయూ (వేడికి కొలత). రోజుకి పది గంటలు వేస్తే 15 యూనిట్లు, రెండుంపావు డాలర్లు, నెలకి 67 డాలర్ల పైమాటే. అదే వేడిని మంచి గ్యాస్ ఫర్నేస్ నాలుగో వంతు ఖర్చుకి ఇస్తుంది. కాబట్టి కరెంటు వేడి ఉన్నవాళ్లు గది గదికీ పొదుపు చేయాలి. మీ హీటర్లకి ఏ గదికి ఆ గదికి నాబ్ ఉంటుంది. పగలు ముగ్గురూ ఒకే గదిలో చదువుకోండి, మిగతావి 58కి తగ్గించండి. స్పేస్ హీటర్ వాడినా ఆ ఒక్క గది కోసమే వాడండి. నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకి వద్దు.

హార్డ్‌వేర్ షాపులో కిటికీకి అంటించే ప్లాస్టిక్ ఫిల్మ్ కిట్ దొరుకుతుంది. ఫ్రేము చుట్టూ రెండువైపులా అంటుకునే టేపు వేసి, ఫిల్మ్ అంటించి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి కొడితే ముడతలు పోయి తబలా చర్మంలా బిగుస్తుంది. అద్దానికీ ఫిల్మ్‌కీ మధ్య నిలిచిన గాలే దుప్పటి. ఏప్రిల్‌లో పీకేయవచ్చు. డిపాజిట్ పోకుండా టేపుని డ్రయ్యర్‌తో వేడి చేస్తూ తీయండి.

బిల్లు కట్టలేని పరిస్థితి వస్తే ముందే కంపెనీకి ఫోన్ చేయండి. అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు మినెసోటాలో కోల్డ్ వెదర్ రూల్ ఉంది. వాయిదాలు ఒప్పుకుని, ఆ మాట ప్రకారం కడుతుంటే ఇంటి వేడికి కావాల్సిన సర్వీసు కట్ చేయకూడదు. ఫోన్ చేయడానికి మొహమాటపడి చలిలో పడుకున్న పిల్లలని చూశాను. మొహమాటం వద్దు.

ప్రశ్న: వాడని రెండు బెడ్‌రూమ్‌ల వెంట్లు మూసేస్తే గ్యాస్ మిగులుతుందా?

మిగలదు. కరెంటు హీటర్లకి చెప్పింది ఫర్నేస్‌కి వర్తించదు. వెంట్లు మూస్తే ఫర్నేస్ బ్లోయర్ తోసే గాలికి దారి తగ్గి, ఒత్తిడి పెరిగి డక్టుల (గాలి గొట్టాల) అతుకుల్లోంచి గాలి వృథా పోతుంది. తెరిచే ఉంచి ఫిల్టర్ మార్చండి. రోజూ తాలింపు పడే మన ఇళ్లలో అంగుళం ఫిల్టర్ మూడు నెలలు ఆగదు. నేను నెలన్నరకి మారుస్తాను.

ప్రశ్న: వంట చేసేటప్పుడు హుడ్ (పొయ్యి మీద పొగ లాగే ఫ్యాన్) వేస్తే వేడంతా బయటికి పోతుందని మా అబ్బాయి ఆపేస్తున్నాడు. ఇల్లంతా వేపుడు వాసన. ఇంకో సంగతి, ఇల్లు 66కి తగ్గించాక ఇడ్లీ పిండి పులవడం లేదు.

మీ అబ్బాయి చెప్పింది నిజమే. కానీ ఎంత పోతుందో లెక్క కడదాం. నిమిషానికి 300 ఘనపుటడుగులు లాగే హుడ్ గంటకి 18 వేలు లాగుతుంది. రెండువేల చదరపు అడుగుల ఇంట్లో ఉండే గాలి మొత్తం కంటే ఎక్కువే. వినడానికి భయంగానే ఉంది. కానీ బయట 10 డిగ్రీలుంటే ఆ గాలిని మళ్లీ వేడి చేయడానికి అయ్యేది థెర్ములో అయిదో వంతు, పాతిక సెంట్ల లోపు. మీ ఊపిరితిత్తులు అంతకంటే విలువైనవమ్మా. తాలింపు, వేపుడు అయ్యేదాకా హుడ్ వేయండి, పొగ పోగానే ఆపండి. హుడ్‌ని రాత్రంతా మరచిపోయి వదిలేస్తేనే నష్టం.

పిండి గిన్నెని అవెన్‌లో పెట్టి, లోపలి బల్బు మాత్రం వేసి తలుపు మూయండి. పాత రకం బల్బయితే ఆ కాస్త వేడి చాలు. తెల్లారేసరికి గిన్నె అంచు దాకా పొంగుతుంది. అవెన్ మీద ‘లోపల పిండి ఉంది’ అని చీటీ అంటించండి, ఎవరో ఒకరు చూసుకోకుండా అవెన్ వేస్తారు. తోడు పెట్టిన పెరుక్కీ అదే చోటు.

ప్రశ్న: పక్కింటివాళ్లు హీట్ పంప్ పెట్టించారు. మేమూ పెట్టించుకోవచ్చా? మాకు 80 శాతం గ్యాస్ ఫర్నేస్ (గ్యాస్ వేడిలో 80 శాతమే ఇంటికి ఇచ్చేది) ఉంది.

హీట్ పంప్ వేడిని తయారు చేయదు, బయటి గాలిలోంచి లోపలికి తోడుతుంది. అందుకే యూనిట్ కరెంటుకి రెండున్నర యూనిట్ల వేడి ఇవ్వగలదు. బయట చలి ముదిరేకొద్దీ అది తగ్గుతుంది. పై రేట్లతో చూస్తే 95 శాతం ఫర్నేస్ ఒక డాలరుకి ఇచ్చే వేడికి హీట్ పంప్‌కి 1.67 డాలర్లు అవుతాయి. ప్రొపేన్ ట్యాంకు ఉన్నవాళ్లకి, కరెంటు హీటర్లున్నవాళ్లకి ఇది మంచి బేరం. పైపు గ్యాస్ ఉన్న మీకు బిల్లు తగ్గడం కోసమైతే కాదు. ఫర్నేస్ పాతబడి మార్చే రోజు వస్తే 96 శాతంది పెట్టించండి, గ్యాస్ ఆరో వంతు తగ్గుతుంది. ఏసీ కూడా పోయే వయసుకొస్తే అప్పుడు దాని బదులు హీట్ పంప్ పెట్టి, నవంబరు, ఏప్రిల్ లాంటి నెలల్లో దాన్నీ, గడ్డు చలిలో ఫర్నేస్‌నీ వాడుకోవచ్చు.

ప్రశ్న: సంక్రాంతికి అయిదు వారాలు ఇండియా వెళ్తున్నాం. గ్యాస్ ఆదా అవుతుందని ఫర్నేస్ ఆపేసి వెళ్దామనుకుంటున్నాం.

ఆపకండి. ఈ తప్పు నేను సగం చేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. 2013 డిసెంబరులో 48 మీద పెట్టి పాల్వంచ వెళ్లాం. 2014 జనవరి 6న గవర్నరు రాష్ట్రమంతా బడులు మూయించేంత చలి వచ్చింది. వంటింటి సింక్ పైపు బయటి గోడలో ఉంది, ఆ గోడలో ఎక్కడో సందు. ఇంట్లో 48 ఉన్నా గోడ లోపల అంత లేదు. నీళ్లు గడ్డకట్టి పైపు పగిలింది. మేము తలుపు తీసేసరికి వంటింటి చెక్క నేల పడవ అడుగులా వంగి ఉంది. కింద బేస్‌మెంట్‌లో అమ్మ పెళ్లికిచ్చిన పట్టుచీరల పెట్టె తడిసిపోయింది. గ్యాస్‌లో మిగిలింది ముప్పై డాలర్లు.

55కి తగ్గించకండి అనడం లేదు, 55కి దిగువకి వెళ్లకండి. సింక్ కింద అల్మరా తలుపులు తెరిచి ఉంచండి. ఫర్నేస్‌కి గోడలోంచి బయటికి వచ్చే తెల్ల ప్లాస్టిక్ పైపులుంటే, మంచు పేరుకుని మూసుకుపోకుండా చూడమని పక్కింటివాళ్లని అడిగి, తాళం చెవి వాళ్ల చేతిలో పెట్టండి. అవి మూసుకుపోతే ఫర్నేస్ ఆగిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేసి, కుళాయిలు తిప్పి పైపుల్లో నీళ్లు వదిలేయండి. అప్పుడు పైపు పగిలినా ఇల్లు మునగదు. ఆ వాల్వ్ సాధారణంగా బేస్‌మెంట్‌లో నీటి మీటరు పక్కన ఉంటుంది. ఈ రాత్రే దిగి వెతికి, ఒకసారి తిప్పి చూడండి. ఏళ్ల తరబడి తిప్పనివి బిగుసుకుపోతాయి. ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టు కారు వాకిట్లో పెట్టుకుని ప్లంబర్ని పిలవలేరు.